మాస్టారి సాక్ష్యంలో వదిలేసిన సగం

మా పాటల మాస్టారు పోయారన్న కబురు వచ్చేటప్పటికి నేను ఢిల్లీలో, గది అద్దెకి తీసుకున్న బేర్ సరాయ్‌లో, జిరాక్స్ షాపు ముందు నిలబడి ఉన్నాను. అమ్మ ఫోన్ చేసింది.

"మాస్టారు లేర్రా. ఆఫీసు నుంచి వస్తుంటే బస్సులోనే ఆయాసం వచ్చిందట. ధౌలా కువాన్ దగ్గర దింపి ఆటో ఎక్కించారట. ఆసుపత్రికి చేరేసరికే..." అని ఆగింది. మళ్లీ, "దేవుడు పిలుచుకున్నాడు నాన్నా" అంది.

నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. షాపు భయ్యా "క్యా హువా?" అని అడిగితే పాపం అతని మీద అరిచాను. ఇంకా రిటైరు కూడా కాలేదు మాస్టారు. క్రిస్మస్ పాటలు సగంలో ఉన్నాయి. అలాంటి మనిషిని దేవుడు పిలుచుకున్నాడంటే నేనొప్పుకోను. దేవుడి మీద వేసేసి చేతులు దులుపుకోవడం మనకి బాగా అలవాటైపోయింది. ఆయన్ని తీసుకుపోయింది ఆస్తమా. ఆస్తమా అంటే రోజూ మందు పీలిస్తే అదుపులో ఉండే జబ్బు. ఆ మందు ఆయన దగ్గర ఉండేది. ఆయన చేత దాన్ని మానిపించింది మనం.

మనం అనే రాస్తున్నాను. చదివేవాళ్లు నొచ్చుకుంటే నొచ్చుకోండి.

ఈ నాలుగు మాటలు పోయినాయన్ని తలుచుకోవడానికి రాస్తున్నాను. బతికున్న ఒక పిల్ల కోసం కూడా. ఆ పిల్ల పేరు జెస్సీ. మా క్వయిర్‌లో ముందు వరసలో నిలబడుతుంది. మాస్టారికున్న జబ్బే ఆ పిల్లకీ ఉంది. మాస్టారు మందు లేకుండా బాగుపడ్డారని జనం చెప్పుకుంటే విని, వాళ్లమ్మ ఆ పిల్లకి మందు ఆపేసింది. మాస్టారు పోయిన రోజుకి ఆ పిల్ల పరిస్థితి అది.

మాస్టారు ఎవరో తెలియనివాళ్ల కోసం చెబుతాను. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఒక కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో ఫైళ్లు చూసే ఉద్యోగి. ఆదివారం మా తెలుగు సంఘానికి పాటల మాస్టారు. మాకు సొంత చర్చి లేదు. హిందీవాళ్ల ఆరాధన అయిపోయాక మధ్యాహ్నం ఆ హాలే మాకు ఇస్తారు. వాళ్లు చెప్పులు వేసుకుని బయటికి వస్తుంటే మేం చెప్పులు విప్పి లోపలికి వెళ్తాం. ఆ సందడిలోనే మాస్టారు హార్మోనియం ఓ మూలకి లాక్కుని, స్టీలు గ్లాసు మీద చెంచాతో టింగుమని కొట్టేవారు. ఆ చప్పుడికి పిల్లలందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయేవాళ్లు.

మాలో సగం మందికి తెలుగు చదవడం రాదు. ఢిల్లీలో పుట్టినవాళ్లం. మాస్టారు దానికి ఎప్పుడూ విసుక్కోలేదు. తెలుగు పాటల్ని హిందీ అక్షరాల్లో రాసి అందరికీ పంచేవారు. హిందీలో పొట్టి ఎ, ఒ లేవు కదా, వాటి మీద ఎర్ర పెన్నుతో చుక్కలు పెట్టేవారు. "ఈ చుక్క దగ్గర సాగదీశావంటే మీ తాతయ్య లేచొస్తాడు" అని బెదిరించేవారు. ఇవాళ నేను ఇలా తెలుగులో రాస్తున్నానంటే మొదలు ఆ ఎర్ర చుక్కలే. తర్వాత ఆయనే అక్షరాలు దిద్దించారు. ఆ తర్వాత నేను కనబడ్డ కరపత్రమల్లా చదవడం మొదలుపెట్టాను. బస్టాండులో పంచినవీ, ధర్నాల్లో పంచినవీ, నీళ్లవీ, కూలీవీ, టీకాలవీ, ఏదైనా సరే. అందుకే ఆయన నాకు కరపత్రం అని పేరు పెట్టారు. "ఏరా కరపత్రం, ఇవాళ ఏ విప్లవం?" అనేవారు.

పాట నేర్పేటప్పుడు ఆయన పట్టింపంతా ఊపిరి మీదే. రాగం తప్పితే నవ్వేవారు. మాట తప్పితే దిద్దేవారు. లైన్ మధ్యలో ఎవరైనా దొంగచాటుగా ఊపిరి పీల్చారా, చెంచా గాలిలో ఆగిపోయేది. "ఊపిరి దొంగతనంగా తీసుకోకూడదు. అందరి ముందూ నిండుగా తీసుకోండి. అందులో సిగ్గేముంది?" అనేవారు. ఈ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో. దాన్ని ఆయన చేతే తప్పించాం మనం. నా కోపమంతా అదే.

ఆయనకి ఆస్తమా బాగా ముదిరిన ఒక చలికాలం నాకు గుర్తుంది. అప్పుడు నేను స్కూల్లో ఉన్నాను. దీపావళి పొగ, దాని వెనకే పొగమంచు, ఊరంతా కుంపటి మీద మూత పెట్టినట్టుండేది. మాస్టారు రెండు లైన్లు పాడి కుర్చీ పట్టుకునేవారు. పిల్లనగ్రోవిలో నీళ్లు పోసినట్టు ఛాతీలో చప్పుడు. మేం చుట్టూ నిలబడి ప్రార్థన చేశాం. నేనూ చేశాను, మనసారా చేశాను. ఆ వారమే ఆయన ప్రభుత్వాసుపత్రికి వెళ్లారు. డాక్టరు రెండు పంపులు రాశారు, అంటే ఇన్‌హేలర్లు. నీలం పంపు ఆయాసం వచ్చినప్పుడు. కాఫీరంగు పంపు ఆయాసం ఉన్నా లేకపోయినా రోజూ పొద్దునా సాయంత్రం.

ఆ వచ్చే ఆదివారం మాస్టారు హార్మోనియం పక్కన ఒక సీసా పెట్టారు. మామూలు కూల్ డ్రింక్ ప్లాస్టిక్ సీసా. అడుగున పంపు మూతి బిగుతుగా పట్టేంత రంధ్రం. పంపు అక్కడ గుచ్చి ఒకసారి నొక్కి, ఇటు మెడ దగ్గర నోరు పెట్టి మెల్లగా పీల్చాలి. నేరుగా నోట్లో కొట్టుకుంటే మందు చాలావరకు గొంతులోనే ఉండిపోతుంది, సీసా ఉంటే లోపలిదాకా వెళ్తుందని ఆయనే మాకు చూపించారు. పీల్చాక బయట కుళాయి దగ్గర పుక్కిలించి ఉమ్మేవారు. "ఇది నా రెండో వాయిద్యం" అని మురిసిపోయేవారు. ఇంట్లో దాన్ని సబ్బునీళ్లతో కడిగి, గుడ్డతో తుడవకుండా, కిటికీ గ్రిల్‌కి బోర్లించేవారు. తుడిస్తే మందు గోడలకి అంటుకుపోతుందట. వాళ్ల క్వార్టర్ కింద నిలబడి పైకి చూస్తే సీసా కనబడేది. సీసా ఉందంటే మాస్టారు ఇంట్లో ఉన్నట్టు మాకు గుర్తు.

వేసవి వచ్చేసరికి ఆయన గొంతు తిరిగొచ్చింది. ఈస్టర్‌కి పాట మొత్తం ఒక్కరే పాడారు. పాడి, సాక్ష్యం చెప్పడానికి లేచారు. మా సంఘాల్లో ఇదొక పద్ధతి. దేవుడు మనకి చేసిన మేలు అందరి ముందూ నిలబడి చెప్పడం. నేను ముందు చాప మీద కూర్చుని ఉన్నాను. ప్రతి మాటా విన్నాను. "మీరందరూ ప్రార్థించారు. ఆసుపత్రికి నడిచే బుద్ధి దేవుడు ఇచ్చాడు. డాక్టరుగారు మంచి మందు ఇచ్చారు. రోజూ పీలుస్తున్నాను, పీలుస్తూనే ఉంటాను. అందరికీ వందనాలు" అన్నారు. అంతే ఆయన చెప్పింది. అందులో ఎక్కువా లేదు, తక్కువా లేదు.

ఆ సాక్ష్యాన్ని జనం కోసుకుంటూ పోయారు. మొదట డాక్టరు పోయాడు. తర్వాత మందు పోయింది. చివరికి, "ఆయాసంతో నోరు మెదపలేని మాస్టారు ప్రార్థన చేయగానే లేచి పాడారు" అన్నది మిగిలింది. అదే ఊరంతా తిరిగింది. ఎవరింట్లో జబ్బుంటే వాళ్లు మాస్టారిని పిలిచారు, మా ఇంట్లో సాక్ష్యం చెప్పండి అని. నోయిడా దాకా వెళ్లేవారు ఆయన. ఒకసారి నేనూ తోడు వెళ్లాను. ఆయన మందు దాకా వచ్చేసరికి, ఆ ఇంటి పెద్దమనిషి మెత్తగా చెయ్యెత్తి, "మందుల సంగతి అంత వివరంగా ఎందుకులెండి మాస్టారూ, సాక్ష్యం బలహీనపడుతుంది" అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడో! అంత మర్యాదగా ఒక మనిషి గొంతు నొక్కడం నేను మళ్లీ చూడలేదు. మాస్టారు మెతక మనిషి. సరేనండీ అన్నారు.

అప్పటినుంచి సీసా మీద హార్మోనియం గుడ్డ పడింది. ఆ తర్వాత సీసా చర్చికి రావడం మానేసింది. ఆ తర్వాత కిటికీ గ్రిల్ కూడా ఖాళీ అయింది. నీలం పంపు మాత్రం ప్యాంటు జేబులో ఉండేది. రెండు పాటల మధ్య ఆయన "ఇప్పుడే వస్తా" అని బాత్రూం వైపు వెళ్లేవారు. తిరిగొచ్చాక చెంచా కొట్టే చెయ్యి సన్నగా వణికేది. నీలం పంపు ఎక్కువైతే అలా వణుకుతుంది.

నేను అప్పటికి ఆస్తమా మీద ఒక కరపత్రం చదివి ఉన్నాను. చదివి ఊరుకోలేదు, ఆసుపత్రి ఓపీ క్యూలో నిలబడి డాక్టరమ్మని అడిగి రూఢి చేసుకున్నాను. ఆవిడ విసుక్కుంటూనే చెప్పింది. ఆస్తమాలో ఊపిరి గొట్టాల లోపలి గోడలు వాచి ఉంటాయి. నీలం పంపు బిగుసుకున్న గొట్టాన్ని కాసేపు తెరుస్తుంది, అంతే. వాపు జోలికి పోదు. వాపు తగ్గించేది రోజూ పీల్చే మందు. బాగున్నామంటే అది పనిచేస్తోందని అర్థం, అవసరం తీరిపోయిందని కాదు. తగ్గించాలన్నా డాక్టరే మెల్లమెల్లగా తగ్గించాలి. నీలం పంపు మాటిమాటికీ కావలసి వస్తోందంటే అది ప్రమాదానికి గుర్తు. దేశదేశాల్లో పిల్లల్నీ పెద్దల్నీ ఏళ్ల తరబడి పోల్చి చూసి తేల్చిన విషయం ఇది. ఎవరికో కలలో వచ్చింది కాదు.

ఒక శనివారం ఆ కరపత్రం పట్టుకుని వాళ్ల క్వార్టర్‌కి వెళ్లాను.

"మాస్టారూ, సీసా ఏది?"

"ఏ సీసారా?"

"గ్రిల్‌కి బోర్లించి ఉండేది."

"అదా... మీ ఆంటీ నూనె పోసుకుందేమో."

వంటింట్లోంచి ఆంటీ గొంతు వినబడింది. "అడుగున బొక్క ఉన్న సీసాలో నూనె పోసేంత తెలివితక్కువదాన్నా అండీ?"

మాస్టారు నవ్వబోయి దగ్గారు. దగ్గు ఆగాక కరపత్రం తీసుకుని మొదట్నుంచి చివరిదాకా చదివారు. అచ్చుతప్పు ఒకటి పెన్నుతో దిద్దారు కూడా. దిద్ది, "ఇందులో రాసిందంతా నిజమేరా" అన్నారు. "కానీ మొన్న ఒక పెద్దావిడ, కొడుకు ఆసుపత్రిలో ఉన్నాడు, నా రెండు చేతులూ పట్టుకుని 'మీకు చేసిన దేవుడు మావాడికీ చేస్తాడు కదండీ' అని ఏడ్చింది. అప్పుడు నన్ను జేబులోంచి పంపు తియ్యమంటావా?"

"తియ్యాలి మాస్టారూ. తీసి, దేవుడు నాకు దీంతోనే చేశాడమ్మా అని చెప్పాలి."

ఆయన కరపత్రం మడిచి నా చేతిలో పెట్టారు. తర్వాత నా భుజం తట్టి, "నువ్వు చెప్పగలవు. నీ మీద ఇంకా ఎవరూ నమ్మకం పెట్టుకోలేదు కదా" అన్నారు.

ఆ మాట నిజమే కావచ్చు. కానీ మాస్టారూ, మీ మీదా నాకు కోపమే. ఎవరికో ధైర్యం చెప్పడానికి మీరు మీ ఊపిరి దాచుకున్నారు. మాకు నేర్పిన దాంట్లో అది లేదు.

ఇంకో కోపం ఉంది, అది ఇంట్లో. మా సంఘంలో ఆడవాళ్లు సగం మంది నర్సులు. మా అమ్మా నర్సే. వార్డులో ఎవరైనా మందు మానేశానంటే ఇంటిల్లిపాదినీ నిలబెట్టి కడిగేసే మనిషి. అదే అమ్మ, ఆదివారం తెల్లచీర కట్టుకుని మాస్టారి ఛాతీలో ఈల వింటూ కూడా కళ్లు మూసుకుని కూర్చునేది.

"నీకు వినబడలేదా అమ్మా?"

"వినబడకేం? ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. అడక్కుండా చెబితే ఆవిడకి విశ్వాసం లేదంటారు."

"అంటే అననీ!"

"నీకేం, బేర్ సరాయ్‌లో గది ఉంది. నేను ఈ మనుషుల మధ్యే ఉండాలి."

ఈ మాటలైన నెల తిరక్కుండానే మాస్టారు పోయారు. బస్సులో ఆయన పక్క సీట్లో కూర్చున్న ఆఫీసు సహోద్యోగి సమాధి దగ్గర నాతో చెప్పాడు, మాస్టారు నీలం పంపు కొట్టుకుంటూనే ఉన్నారట, ఖాళీ అయ్యాక కూడా నొక్కుతూనే ఉన్నారట. మా వెనకే జెస్సీ నిలబడి ఉంది. భుజాలు ఎగరేసి ఊపిరి తీస్తోంది. నేను వాళ్ల మమ్మీ వైపు తిరిగాను.

"ఆంటీ, పిల్లకి కాఫీరంగు పంపు ఇస్తున్నారా?"

"ఎప్పుడో మానేశాం. మాస్టారిని దేవుడు ఇన్నాళ్లూ మందు లేకుండా నిలబెట్టలేదా?"

పక్కన మట్టి ఇంకా తడిగా ఉంది. ఆ మట్టి ముందే నిలబడి అంది ఆ మాట!

"భయ్యా, మై ఠీక్ హూఁ" అంది జెస్సీ. నేను బాగానే ఉన్నాననే ఆ చిన్న మాట మధ్యలోనే రెండుసార్లు ఊపిరి పీల్చింది.

ఆ వారమే ఆదరణ కూడిక, అంటే పోయినవారి ఇంటివాళ్లని ఓదార్చడానికి అందరం కలిసేది. నన్నూ మాట్లాడమన్నారు. సంఘ పెద్ద ముందే చెవిలో చెప్పాడు, "తమ్ముడూ, రెండే మాటలు. పాటల గురించి మాత్రమే." ఠీక్ హై అన్నాను. లేచి, ఎర్ర చుక్కల గురించి చెప్పాను, చెంచా గురించి చెప్పాను. అందరూ కళ్లు తుడుచుకున్నారు. అప్పుడు ఈస్టర్ నాటి సాక్ష్యం మొదట్నుంచి చెప్పడం మొదలుపెట్టాను. మందు దాకా రాగానే వెనకనుంచి ఎవరో, "కూర్చో బాబూ, ఇది ధర్నాలు చేసే జంతర్ మంతర్ కాదు" అన్నారు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. మాస్టారిని మట్టిలో పెట్టిన వారంలోనే నవ్వు!

నేను కూర్చోలేదు. "డాక్టరుగారు మంచి మందు ఇచ్చారు, రోజూ పీలుస్తున్నాను, పీలుస్తూనే ఉంటాను. ఇది మాస్టారు అన్న మాట. దీన్ని కోసేసింది మీరు. మందు మానెయ్యడానికి మీరు విశ్వాసం అని పేరు పెట్టారు" అని అరిచాను. అరిచాననే చెప్పాలి.

హాలు గోలగోలైంది. అప్పుడు మాస్టారి భార్య, ఆంటీ, లేచింది. ఆంటీ లేస్తే అందరూ ఊరుకున్నారు.

"వాడి నోరు పెద్దది గానీ వాడు చెప్పేది నిజమే" అంది. "సీసా మా ఇంట్లోనే ఉంది, బీరువా వెనక. నేను రోజూ తీసి బల్ల మీద పెట్టేదాన్ని. ఎవరో ఒకరు ప్రార్థనకి వస్తారని ఆయన రోజూ తీసి వెనక పెట్టేవారు. కొన్నాళ్లకి నేనూ తియ్యడం మానేశాను."

జెస్సీ వాళ్ల మమ్మీ కూర్చున్నచోటు నుంచే అడిగింది, "అయితే మాస్టారు మాకు అబద్ధం చెప్పారా ఆంటీ?"

"లేదమ్మా. ఆయన మొత్తం చెప్పారు. మీరు సగమే ఇంటికి తీసుకెళ్లారు."

జెస్సీ వాళ్ల మమ్మీ కూతురి వీపు మీద చెయ్యి వేసి, ఈసారి చాలా చిన్న గొంతుతో, "అది స్టెరాయిడ్ అంట కదా. ఆడపిల్ల. పొడుగు పెరగదంటారు. అలవాటైపోతే జన్మంతా మానడం కుదరదంటారు" అంది. ఆవిడ అసలు భయం అది. సాక్ష్యం ఆ భయానికి కప్పిన గుడ్డ. నాకు ఆ క్షణం దాకా తెలియలేదు.

నేను నోరు తెరిచేలోపు నా పక్కనుంచి తెల్లచీర లేచింది. అమ్మ.

"అలవాటయ్యే మందు కాదమ్మా అది. కండలు పెంచుకోడానికి వాడే రకం కూడా కాదు" అంది, అచ్చం వార్డులో మాట్లాడినట్టే. "పీల్చేది చాలా చిన్న మోతాదు, నేరుగా ఊపిరితిత్తుల్లోకే పోతుంది. పొడుగులో కాస్త తేడా రావచ్చు, చాలా కొద్దిగా. డాక్టరు కొలిచి చూస్తూ ఉంటారు. ఊపిరాడక నిద్రలేని పిల్ల మాత్రం బాగా పెరుగుతుందా? రేపు పొద్దున్నే పిల్లని తీసుకుని మా ఓపీకి రా. నేను గేటు దగ్గర ఉంటాను. ఈలోగా ఆయాసం ఎక్కువై నీలం పంపుకి లొంగకపోతే తెల్లారేదాకా ఆగకు, అప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లు." అంతవరకు చెప్పి, హాలు వైపు తిరిగి, "ఈ మాట నేను మాస్టారితో చెప్పి ఉండాల్సింది" అని కూర్చుంది.

జెస్సీ వాళ్ల మమ్మీ మర్నాడు వచ్చిందా అని మీరు అడుగుతారు. వచ్చిందని అమ్మ చెప్పింది.

మొన్న ఆదివారం హిందీవాళ్లు ఇంకా చెప్పులు వేసుకుంటూనే ఉన్నారు. అమ్మ చీరకొంగు నడుముకి దోపి, టీ కాచే స్టవ్ మీద ఇనప ఊచ కాల్చి, ఒక కూల్ డ్రింక్ సీసా అడుగున జాగ్రత్తగా రంధ్రం చేస్తోంది. కాలిన ప్లాస్టిక్ వాసన తగలకుండా జెస్సీని దూరంగా గేటు దగ్గర నిలబెట్టింది. సంఘ పెద్ద అటుగా వచ్చి, చూసి, స్టవ్ మీది టీ గిన్నె జరిపి చోటిచ్చాడు. అమ్మ సీసా కడిగి ఆరబెట్టిన తర్వాతే పిల్లకి ఇచ్చింది.

క్వయిర్ అంతా నిలబడి ఉంది. మాస్టారి గ్లాసూ చెంచా ఇప్పుడు ఆంటీ చేతిలో ఉన్నాయి. ఆంటీ చెంచా ఎత్తి, జెస్సీని చూసి, గాలిలోనే ఆపింది. జెస్సీ సీసా మెడ నోట పెట్టుకుని, పంపు నొక్కి, అందరి ముందూ మెల్లగా, నిండుగా పీల్చింది. సీసా లోపల తెల్లగా మసక కమ్మి, తేటపడింది. ఆ పిల్ల పరుగెత్తుకెళ్లి పుక్కిలించి వచ్చేదాకా ఎవరూ పాట మొదలుపెట్టలేదు.

ఆరాధన అయ్యి అందరూ వెళ్లిపోయాక నేను గేటు దగ్గర వెనక్కి తిరిగి చూశాను. కుళాయి గట్టు మీద, చలికాలం ఎండలో, సీసా బోర్లించి ఉంది. లోపలి నీళ్లు ఒక్కో చుక్కా మెడ మీదుగా జారుతున్నాయి. దాన్ని ఎవరూ తుడవలేదు. దాని మీద ఎవరూ గుడ్డ కప్పలేదు.